గాలి పోయిందన్న మాట

హోసూరులో ఫ్యాక్టరీల మధ్య నాకొక చిన్న షెడ్డు ఉంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఉండే పెద్ద కరెంటు ప్యానెళ్ళను ఏడాదికొకసారి విప్పి, తుడిచి, పరీక్షించి, తిరిగి బిగించి ఇవ్వడం నా పని. ఈ పని నాకు బాగా వచ్చు. ఆ సంగతి దాచుకోవలసిన అవసరం లేదు. రానిది వేరే ఉంది. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం నాకు చేతకాదు. సగం వినగానే మిగతా సగం నాకు తెలిసిపోయినట్టు ఉంటుంది. చాలాసార్లు నిజంగానే తెలిసేది కూడా. అందుకే ఆ అలవాటు ఇన్నేళ్ళు బతికింది.

ముందు ఆ ప్యానెల్లో ఏముంటుందో చెప్పాలి.

ఇంట్లో ఫ్యాను స్విచ్చి ఆపినప్పుడు ఒక్కోసారి లోపల చిన్న నీలి మెరుపు కనిపిస్తుంది. లోపలి ఇత్తడి ముక్కలు విడిపోయినా కరెంటు వెంటనే ఆగదు. మధ్యలో ఉన్న గాలినే దారి చేసుకొని దూకుతుంది. ఇంట్లో అది రెప్పపాటు పని. ఫ్యాక్టరీకి వచ్చే పదకొండు వేల వోల్టుల లైనులో అదే మెరుపు నిప్పుల తాడవుతుంది, ఇనుమునైనా కరిగిస్తుంది. దాన్ని ఆపడానికే సర్క్యూట్ బ్రేకర్. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఈ నిప్పును నూనెలో ముంచి ఆపేవాళ్ళు. ఆ తొట్టి దింపితే నూనె తారులా నల్లబడి ఉండేది. చేతులు ఎన్నిసార్లు సబ్బుతో రుద్దినా అన్నం ముద్దలో ఆ వాసన తగిలేది. ఇప్పుడు చాలాచోట్ల ఆ తొట్లు పోయి వాక్యూమ్ ఇంటరప్టర్లు వచ్చాయి. పనిలో ఆ పొడుగు పేరు ఎవరూ పలకరు. అందరికీ అది బాటిల్.

బాటిల్ అంటే తెల్లని పింగాణీ గొట్టం. ఊరగాయ జాడీ అంత ఉంటుంది. లోపల గాలి ఉండదు. తయారుచేసేటప్పుడే గాలంతా లాగేసి, కొలిమిలో అతికి మూసేస్తారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ తెరవరు, తెరిస్తే ఇక పనికిరాదు. లోపల రెండు గుండ్రటి లోహపు బిళ్ళలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి కదలదు. రెండోది ఒక కడ్డీతో కదులుతుంది. కడ్డీ కదిలినా గాలి చొరబడకుండా, హార్మోనియం తిత్తిలా ముడతలున్న పల్చని ఉక్కు గొట్టం దాన్ని చుట్టుకొని ఉంటుంది. బ్రేకర్ వేసి ఉన్నప్పుడు బిళ్ళలు రెండూ ఆనుకొని ఉంటాయి, కరెంటు పోతూ ఉంటుంది. తీసినప్పుడు ఒక బిళ్ళ చిటికెన వేలు మందం వెనక్కి జరుగుతుంది. అంతే.

అంత కొంచెం ఎడంలో అంత పెద్ద కరెంటు ఎలా ఆగుతుందంటే, మండడానికి అక్కడ ఏమీ లేదు కాబట్టి. గాలి లేదు, నూనె లేదు. బిళ్ళలు విడిపోయేటప్పుడు వాటి మీది లోహమే కొంచెం ఆవిరై, ఆ ఆవిరి మీదుగా కరెంటు నడుస్తుంది. మన కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగి మళ్ళీ లేస్తుంది. అది సున్నాకు దిగిన క్షణంలో ఆవిరి పుట్టడం ఆగిపోతుంది. అప్పటిదాకా పుట్టిన ఆవిరి బిళ్ళల మీదా, చుట్టూ ఉన్న లోహపు తొడుగు మీదా మంచులా పేరుకుంటుంది. మళ్ళీ లేవబోయిన కరెంటుకు కాలు మోపే చోటుండదు. నిప్పు ఒకేచోట కూర్చొని గుంట చేయకుండా, గుండ్రంగా తిరిగేట్టు ఆ బిళ్ళల మీద వంకర గాట్లు కోసి ఉంటారు. చెడిపోయిన బాటిల్ ఒకదాన్ని రంపంతో కోయించి ఆ గాట్లు మొదటిసారి చూసినప్పుడు, వాటిని గీసిన మనిషెవరో గానీ దండం పెట్టాలనిపించింది.

ఒక బ్రేకర్‌లో మూడు బాటిళ్ళుంటాయి, మూడు తీగలకు మూడు. వాటిని ఆర్, వై, బీ అంటాం.

దీనితో ఒక చిక్కుంది. బాటిల్‌కు ఎక్కడో కంటికి కనబడని సందు పడి లోపలికి గాలి చేరితే బయటికేమీ తెలియదు. మంచిదీ చెడ్డదీ చూడడానికి ఒకటే. వేసినప్పుడు అదే టక్కు, తీసినప్పుడు అదే టక్కు. వేసి ఉన్నంతసేపు కరెంటు కూడా మామూలుగానే పోతుంది. బిళ్ళలు ఆనుకొని ఉన్నప్పుడు శూన్యంతో పనేముంది? పెద్ద కరెంటును ఆపవలసి వచ్చినప్పుడే సంగతి బయటపడుతుంది. అప్పుడు పింగాణీ పగిలి నిప్పు బయటికొస్తుంది. అందుకే పరీక్ష చేస్తాం. బ్రేకర్‌ను లైనులోంచి బయటికి లాగి, ఒక్కో బాటిల్ రెండు కొసల మధ్య టెస్టు కిట్టుతో పెద్ద వోల్టేజీ ఇస్తాం. లోపల శూన్యం ఉంటే తట్టుకొని నిలబడుతుంది. గాలి చేరి ఉంటే కిట్టు ట్రిప్పయి ఆగిపోతుంది.

కృష్ణగిరి దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఈ పనులు చాలా ఏళ్ళు నేనే చేశాను. అక్కడి ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ కుప్పం వైపు నుంచి వచ్చినామె. డిప్లొమా చదివింది, చేతిపని శుభ్రంగా ఉంటుంది. అంతకుముందున్న ఇన్‌చార్జి రిటైరైతే మేనేజర్ ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు గానీ ప్రమోషన్ ఆర్డరు మాత్రం చేతికివ్వలేదు. ఒక సీజన్ నడిపించు, అప్పుడు చూద్దామన్నాడు. సీజన్ అంటే తోతాపురి కాయ వచ్చే వారాలు. గేటు బయట ట్రాక్టర్లు, మినీ లారీలు హైవే దాకా నిలబడి ఉంటాయి. ఆ వారాల్లో కరెంటు వల్ల లైను ఆగితే ఆ కుర్చీ ఇంకొకరిదవుతుంది. నాకెలా తెలుసంటే, ఫ్యాక్టరీ పక్క టీ అంగడి దగ్గర ఆమే చెప్పింది.

“ఈ సీజన్ దాటేదాకా నా ప్యానెల్ కాడ పిల్లి గూడా తుమ్మగూడదన్నా,” అంది.

నేను ధైర్యం చెప్పే వంకతో గొప్పలకు పోయాను.

“ఏంటికమ్మా భయం? మూడు బాటిళ్ళుండాయి కదా. ఒకటి చచ్చినా తక్కిన రెండూ చూసుకుంటాయి. రెండు తీగల్లో ఆగిపోతే మూడోదాని కరెంటు యాడికి పోతాది? దానంతట అదే ఆగుతాది.”

“నిజమా అన్నా?”

“నేను చెప్తే అపీలు లేదు.”

అది అబద్ధం కాదు, సగం నిజం. మామూలు లోడును ఆపడానికి రెండు బాటిళ్ళు చాలు. కానీ ఆ మూడో తీగ ఎక్కడైనా నేలకు తగిలిందంటే కరెంటు మిగతా రెండు తీగల దారిన రాదు, నేల దారిన పోతుంది. అప్పుడు దాన్ని ఆపవలసింది ఆ చచ్చిన బాటిలే. ఈ రెండో సగం చెప్పడానికి టైము లేకపోలేదు. చెబితే మొదటి సగానికి వచ్చిన మెరుపు తగ్గుతుందని చెప్పలేదు.

సీజన్‌కు ముందే చేయవలసిన పరీక్షను నేను వాయిదా వేస్తూ వచ్చాను. హోసూరులో పెద్ద కంపెనీ పని తగిలింది. గుజ్జు ఫ్యాక్టరీ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే వారమన్నాను. కాయ రావడం మొదలైంది. చివరికి ఒక ఆదివారం పొద్దున ఈబీ వాళ్ళు, అంటే కరెంటు బోర్డు వాళ్ళు, తమ పనుల కోసం లైను ఆపుతామంటే, ఆ సందులోనే పరీక్ష చేసెయ్యాలని ఆమె పట్టుబట్టింది. సరిగ్గా అదే రోజు బేరిగైలో మా బావమరిది మనవరాలికి చెవులు కుట్టే ఫంక్షన్. నేను పోకపోతే నా భార్యకు పుట్టింట్లో తల కొట్టేసినట్టుంటుంది. కిట్టును ముందురోజే వ్యానులో కృష్ణగిరికి పంపి, మిగతాది ఫోన్లో చెప్పాను. ఆమె నా పక్కన నిలబడి ఆ పరీక్ష చాలాసార్లు చేసింది, కొత్తేమీ కాదు.

“లోపల గాలి ఉండగూడదు, అంతేనమ్మా. గాలంతా పోయుండాల. మనకు కావాల్సింది అదే. చూసి నాకొక ఫోన్ కొట్టు,” అన్నాను.

ఆమె ఫోన్ వచ్చేసరికి బేరిగైలో మేళం జోరుగా ఉంది. బిడ్డ ఏడుపు వినబడకుండా ఇంకా గట్టిగా వాయించమని పెద్దవాళ్ళు కేకలు పెడుతున్నారు. నేను ఒక చెవి మూసుకొని పందిరి అంచుకు వచ్చాను.

“అన్నా, టెస్టు అయింది. ఆర్ బాగుండాది. బీ బాగుండాది.”

“వై?”

“వై గాలి పోయిందన్నా.”

“ఆ, పోయింది కదా, ఇంకేం!”

“అయితే వేసేయొచ్చునా?”

“వేసేయ్, వేసేయ్. ఈబీ వాళ్ళు లైను ఇస్తానే వేసేయ్. ఈడ ఆకులేస్తా ఉండారు, మళ్ళీ మాట్లాడ్తా.”

“అన్నా, అది...” అంది. ఆ రెండు ముక్కలు నేను విన్నాను. విని ఫోన్ పెట్టేశాను.

వడలు వేడిగా ఉన్నాయి. పాయసం రెండోసారి వేయించుకున్నాను. తాంబూలం నములుతూ బయటికొస్తే, బావమరిది నా కారు వెనక వంగి చూస్తున్నాడు.

“బావా, నీ బండి వెనక చక్రం గాలి పోయుండాది చూడు.”

“యాడ?” అని వంగబోయి, అలాగే సగం వంగి ఆగిపోయాను.

చక్రానికి గాలి పోయిందంటే చెడిందని. బంతికి గాలి పోయిందంటే చెడిందని. మా వైపు ఎవరి నోటయినా ఆ మాటకు ఇంకో అర్థం లేదు. బతుకంతా బాటిళ్ళతో గడిపిన నాకు ఒక్కడికే గాలి పోవడమంటే శూన్యం, శూన్యమంటే మంచిది. పైగా గాలి పోయుండాలని ముందురోజు నా నోటితోనే చెప్పి, ఆ మాట చెవుల్లో పెట్టుకొని కూర్చున్నాను. ఆమె మామూలు తెలుగు మాట్లాడింది. ఆర్ బాగుంది, బీ బాగుంది అని రెండింటిని ఒక పక్కన పెట్టి, మూడోదాన్ని వేరే పక్కన పెట్టింది. నిజంగా వినేవాడికి ఆ తేడా ఒక్కటే చాలు. ఆమె కన్నడంలోనో తమిళంలోనో చెప్పి ఉంటే నేను జాగ్రత్తగా వినేవాణ్ణి. మనవాళ్ళే, మన మాటే అన్న సుఖంలో వినడం మానేశాను.

అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

“అమ్మా, బ్రేకర్ వేసినావా?”

“వేసి చానా సేపైందన్నా. లైను బాగా పోతాంది. గుజ్జు కాగే కెటిళ్ళన్నీ నిండినాయి.”

“వై బాటిల్‌కు కిట్టు ట్రిప్పయిందా?”

“అయింది. మళ్ళీ పెట్టి చూసినా, మళ్ళీ అయింది. అదే కదా నీకు చెప్పింది.”

“మరి ఎందుకు వేసినావు?”

ఆమె గొంతు ఫ్యాక్టరీ రొదను మించి లేచింది.

“నువ్వు వేసేయమంటే వేసినానన్నా! గాలి పోయిందంటే, పోయింది కదా ఇంకేం అన్నావు. రెండుంటే చాలని టీ అంగడి కాడ చెప్పింది నువ్వే కదా. సరే, ఆయనకు తెలీందా అనుకున్నా. అప్పుటికీ ఇంకో మాట అడగబోతే ఫోన్ పెట్టేసినావు.”

“తప్పు నాది. ఇప్పుడు విను. ఆ రూముకు బీగం వెయ్యి. ఎవురూ లోపలికి పోగూడదు, బ్రేకర్‌ను ఎవురూ తీయగూడదు. వేసింది వేసినట్టే ఉండనీ. నేను వస్తాండా.”

“మనం తీయకపోయినా, ఏదన్నా ఫాల్ట్ వస్తే బ్రేకర్ దానంతట అదే తీసుకుంటాది కదన్నా.”

“అదేనమ్మా నా భయం.”

వేసి ఉన్న బ్రేకర్ అప్పటికి ఎవరికీ హాని చేయదు. లోడును మామూలుగా తీసినా బహుశా మిగతా రెండు బాటిళ్ళు కాపాడేవే. కానీ వై తీగ ఎక్కడైనా నేలకు తగిలి ఫాల్ట్ వస్తే, దాన్ని కనిపెట్టే రిలే మనల్ని అడగదు, తనే బ్రేకర్‌ను తీసేస్తుంది. ఆ చెడ్డ బాటిల్‌లో నిప్పు లేస్తుంది. అప్పుడు ఎదురుగా మనిషి ఉంటే ఏమవుతుందో నేను ఒకచోట చూశాను. దాని గురించి రాయలేను.

షెడ్డులో ఉన్న డ్రైవరుకు ఫోన్ చేసి, కొత్త బాటిల్ ఒకటి తీసుకొని హోసూరు నుంచి నేరుగా కృష్ణగిరికి రమ్మన్నాను. చక్రం మార్చుకునే ఓపిక లేదు. బావమరిది మోటర్ సైకిల్ తీయమన్నాను. శూలగిరి దారి పట్టాం.

“అక్క అడిగితే ఏమని చెప్పేది బావా?” అని గాలిలోకి అరిచాడు.

“నిజమే చెప్పు. ఒక ఆడబిడ్డ మాట నడి మధ్యలో కోసేసి ఆకు ముందర కూచున్నాడని చెప్పు.”

“అదేం కొత్త? అక్క మాట ఆమె పెండ్లైనప్పట్నుంచీ కోస్తానే ఉండావు కదా. అప్పుడెప్పుడూ ఇట్లా బండి తీయమనలేదే!”

నేను నవ్వలేదు. అతను బండి వేగం పెంచాడు.

ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టర్ల వరస ఎప్పటిలాగే ఉంది. పండిన కాయ వాసన ముక్కును మూసేస్తోంది. ఆమె ప్యానెల్ రూము తలుపు ముందు, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకొని నిలబడి ఉంది. పక్కన మేనేజర్. ఆయనది తమిళ ఇల్లు గానీ తెలుగు బాగా వచ్చు, కోపమొస్తే ఇంకా బాగా వస్తుంది.

“ఏమప్పా, ఈమె లైను ఆపాలంటుంది! పొద్దున టెస్టు చేసింది, బాగుందనే కదా వేసింది? బాగలేకుంటే ఎందుకు వేసింది?”

దారి పొడుగునా నేను చెప్పుకోవలసిన మాటలు సిద్ధం చేసుకుంటూనే వచ్చాను. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

“ఫోన్లో మాట కొంచెం అటూ ఇటూ అయిపోయింది సార్.”

మేనేజర్ ఆమె వైపు తిరిగాడు.

“చూసినావా? నేను ఇందుకే ఆర్డరు ఆపింది. టెస్టు ఏమైందో ఒక ఫోన్లో సరిగ్గా చెప్పడం రాకుంటే ఈ రూము నీ చేతికి ఎట్లా ఇచ్చేది?”

ఆమె నన్ను చూసింది. కోపంగా కూడా కాదు. ఈయన ఇప్పుడేం చేస్తాడా అని చూసింది.

అయిపోయింది, పోయింది, జరిగింది. చేసినవాడు కనబడకుండా ఎంత పెద్ద తప్పునైనా చెప్పుకోవడానికి మన దగ్గర మంచి మాటలున్నాయి. నేను బతుకంతా వాటిని బాగా వాడుకున్నాను. పొద్దున ఆ “పోయింది” నిజంగానే రెండు వైపులా తిరిగే మాట. దాన్ని అడ్డం పెట్టుకుంటే మేనేజర్ నమ్మేవాడు, ఆమె కుర్చీ పోయేది, నా పని నిలిచేది. ఆ దారి నాకు ఎంత స్పష్టంగా కనబడిందో ఇప్పటికీ గుర్తుంది. అందులో ఒక అడుగు అప్పటికే వేశాను కూడా.

“లేదు సార్,” అన్నాను. “ఆమె సరిగ్గానే చెప్పింది. రెండు బాగుండాయి, ఒకటి చెడిందని చెప్పింది. నేను వినలేదు. వేసేయమని నేను చెప్పినాను. రెండు బాటిళ్ళుంటే చాలని ఆమెకు ముందే చెప్పి పెట్టింది గూడా నేనే, అది సగం మాట. సీజన్‌కు ముందర చేయాల్సిన టెస్టును వాయిదా వేసినాను. ఆమె పిలుస్తానే ఉండింది, నేను రాలేదు.”

ఆయన ఆమెను వదిలి నా వైపు తిరిగాడు.

“అట్లయితే నిన్నెందుకప్పా పెట్టుకునేది?”

“అది తర్వాత చూసుకుందురు సార్. ముందు ఈ లైను సంగతి చూడండి.”

“సరే, ఈ లోడు కాయ అయ్యేదాకా నడవనీ. వేసుంటే ఏం కాదంటావు కదా? సాయంత్రం చూసుకుందాం.”

జవాబు నా నాలుక చివర ఉంది. అప్పటికే ఆమె మాట్లాడడం మొదలుపెట్టింది. నేను నోరు మూసుకున్నాను. ఆ పని ఎంత కష్టమో చెప్పలేను.

“వేసుంటే ఏం కాదు సార్. దానంతట అది తీసుకుంటేనే కష్టం,” అంది. “యార్డులో ట్రాన్స్‌ఫార్మర్ మీదికి ఒక ఉడత ఎక్కి వై తీగ మీద పడితే చాలు, బ్రేకర్ తీసుకుంటాది. బాటిల్ పగులుతాది, ప్యానెల్ కాలుతాది. అప్పుడు ఆగేది ఈ పూట లైను కాదు, సీజను. కెటిళ్ళలో ఉండేది దించుకుందాం, దాన్ని మధ్యలో వదిలితే మాడిపోతాది. కొత్త కాయ మాత్రం ఎక్కించొద్దు. అది దిగినాక మోటార్లు ఒకటొకటిగా ఆపుతాను. ఈబీ వాళ్ళకు చెప్పి వాళ్ళ పక్కనుంచి లైను తీయిస్తాను. కరెంటు లేనప్పుడు మన బ్రేకర్ తీస్తే దానికి ఆపాల్సింది ఏమీ ఉండదు.”

“బయట ట్రాక్టర్ల వాళ్ళు నా చొక్కా పట్టుకుంటారమ్మా.”

“వాళ్ళతో నేను మాట్లాడ్తా సార్.”

“నువ్వా?”

“నేనే. సాయంత్రానికి మళ్ళీ లైను వేయకుంటే అప్పుడు వాళ్ళు నా కొంగు పట్టుకోనీ.”

మేనేజర్ తల గోక్కున్నాడు. చెయ్యమన్నాడు. అనుమతి కంటే అలసటే ఎక్కువ వినిపించింది ఆ మాటలో, కానీ మాకు అది చాలు.

ఆ తర్వాతి పనిలో నేను చెప్పవలసింది ఏమీ లేదు. ఆమె ఎలా అన్నదో అలాగే జరిగింది. కాదు, ఆమె జరిపించింది. గేటు దగ్గరికి పోయి ట్రాక్టర్ల వాళ్ళతో తమిళంలో మాట్లాడింది. ఒకాయన గట్టిగా అరిచాడు, ఆమె అంతకంటే గట్టిగా అరిచింది, ఆయన చెట్టు నీడ చూసుకొని పడుకున్నాడు. లోపల కెటిళ్ళు దిగేదాకా నేను బీగం వేసిన తలుపు ముందు స్టూలు మీద కూర్చున్నాను. యార్డు వైపు చూస్తూ ఉన్నాను. ఉడత మాట ఆమె మాటవరసకు అంది గానీ, నిజంగానే గోడ మీద ఒకటి అటూ ఇటూ పరుగెత్తుతోంది. దాని వెంట నా ప్రాణం పరుగెత్తింది. బావమరిది చిన్న రాయి తీసుకొని యార్డు కంచె బయట కాపలా నిలబడ్డాడు.

గుజ్జు తీసే పల్పర్లు ఆగాయి. కన్వేయర్ ఆగింది. పంపులు, ఫ్యాన్లు ఆగాయి. రొద పొరలు పొరలుగా ఊడిపోయి, చివరికి ట్రాన్స్‌ఫార్మర్ హమ్మని మూలగడం ఒక్కటే మిగిలింది. ఆమె ఈబీ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసింది. చెప్పింది మళ్ళీ తిరిగి చెప్పించుకుంది. ఆ మూలుగు కూడా ఆగిపోయింది.

అప్పుడు తలుపు తెరిచింది. ప్యానెల్ మీద దీపాలు లేవు. అయినా పరికరం పెట్టి మూడు తీగలూ చూసింది. లోపలికి నన్ను రానివ్వలేదు, వెనక నిలబడమంది. బ్రేకర్ తీసింది. టక్కుమంది. మంచి బ్రేకర్ చేసే చప్పుడే.

డ్రైవరు అప్పటికే బాటిల్ తెచ్చాడు. విప్పడం, బిగించడం నేనే చేశాను. బిళ్ళల ఎడం సరిచేశాను. తప్పు చేసినవాణ్ణని చేతిపని మరచిపోలేదు, ఆ సంగతి నాకు కొంత ఊరటనిచ్చింది. పరీక్ష మాత్రం ఆమే చేసింది. మూడు బాటిళ్ళూ నిలబడ్డాయి. ఈబీ వాళ్ళు లైను ఇచ్చారు, ఎండ ఇంకా ఉండగానే కన్వేయర్ మీదికి కాయ ఎక్కింది. మేనేజర్ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమెతో మాత్రం, “తిన్నావా?” అన్నాడు. ఆమె తినలేదు. నేను రెండుసార్లు పాయసం తిన్న పూట అది.

విప్పిన పాత బాటిల్‌ను గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాను. నా భార్య దాన్ని చూసి, ఇంత తెల్లగా, ఇంత బాగుందే, ఇదేనా చెడింది అంది. అవునన్నాను. ఎట్లా తెలుస్తుందని అడిగింది. అడిగి చూస్తే గానీ తెలియదని చెప్పాను.

కాయ అయిపోయాక ఒకరోజు పొద్దున ఆమె ఫోన్ చేసింది.

“అన్నా, ఆర్డరు చేతికొచ్చింది.”

“సంతోషం తల్లీ.”

“ఇంకోటి చెప్పాల. మేనేజర్ సారు నీ విషయం నన్నే తేల్చమన్నాడు. ఈ సారి నుంచి టెస్టు పని వేరేవాళ్ళకు ఇస్తాండా. నువ్వు ఆ రోజు నా కోసం నిలబడినావు, దాన్ని నేను మర్చిపోను. కానీ పని మాత్రం ఇయ్యలేను. ఎందుకో నీకు తెలుసు కదా.”

తెలుసమ్మా అని నోటి దాకా వచ్చింది. నిజంగా తెలుసని కూడా అనుకున్నాను.

“చెప్పు,” అన్నాను.

ఆమె చెప్పింది. చాలాసేపు చెప్పింది. వాయిదాల దగ్గర మొదలుపెట్టింది. తను ఒక ప్రశ్న అడిగితే నేను వేరే ప్రశ్నకు జవాబు చెప్పిన రోజులు, పనివాళ్ళ ముందు తన మాటను నేను నవ్వులాటగా తిప్పిన రోజులు ఒక్కొక్కటే తీసింది. నేను ఫోన్ చెవికి ఆనించి విన్నాను. వాటిలో నాకు తెలియనివే ఎక్కువ ఉన్నాయి.